ఆశీర్వాదం అయ్యేదాకా

ఆదివారం ఉదయం చర్చికి బయల్దేరుతూ నౌపడ సంఘపెద్ద కృపానిధి గుమ్మంలోనే కూలిపోయాడు. మూతి వంకరపోయింది. కుడిచెయ్యి లేవడం లేదు.

“నూటెనిమిదికి... ఫోన్ సెయ్యే.” మాట ముద్దగా వచ్చింది.

తెల్లచీరలో తయారైవున్న భార్య మెర్సీ అతని తల కింద దిండు పెట్టింది. మూతి తుడిచింది. బైబిలు చేతిలోకి తీసుకుంది.

“మన పిల్లడ్ని ఉప్పుమడిలో పాము కరిసిందని కబురొస్తే, ఆరాధన మద్దిలో లేసి ఎల్లబోనాను. సెయ్యి పట్టుకుని కూకోబెట్టీసినావు మావా. ‘దేవుడికన్నా నీకు కొడుకెక్కువేటే?’ అన్నావు. ఆఖరి ఆశీర్వాదమయ్యి ఎల్లేసరికి పిల్లడు నీలంగా అయిపోనాడు. అదే ఏటేటా సర్చిలో నిలబడి గొప్పగా సాక్ష్యం సెప్తన్నావు.”

కృపానిధి ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆమె మెల్లగా విడిపించుకుంది.

“ఆరాధనకి టైమయిపోతన్నాది,” అంది.

చర్చిలో సాక్ష్యాల వేళ మెర్సీ జీవితంలో మొదటిసారి లేచి నిలబడింది.

“మా ఆయన పచ్చవాతమొచ్చి గుమ్మంలో పడున్నాడండి. ఆసుపత్రికి తీసుకెల్తే ఆరాధన పోతాదని వొచ్చీసినాను. నాకు దేవుడే ముందండి.”

సంఘమంతా స్తోత్రం చెప్పి చప్పట్లు కొట్టింది. పాస్టరు కళ్లు తుడుచుకున్నాడు.

ఆశీర్వాదం అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.