పరదా చాటు బంగారం

హైటెక్ సిటీ అంతా గాలించినా రసజ్ఞ దగ్గరున్నన్ని బంగారం ముక్కలు ఇంకెవరి దగ్గరా ఉండవు. ఒక్క సీసాలోనే కోటానుకోట్లు. కావాలంటే పందెం కాస్తాను.

ఆ బంగారం పక్కన, బల్ల మీద సుద్దముక్కతో పెట్టిన చుక్కలు కనబడేసరికి ఆ పిల్లకు ఒళ్లు మండింది.

"ఇది ప్రయోగాలు చేసుకునే బల్లమ్మా. ముగ్గులేసుకునే వాకిలి కాదు."

ల్యాబు ఊడ్చే సత్తెమ్మ చీపురు గోడకు ఆనించింది.

"ముగ్గు గాదు బిడ్డా. నీ సీసలు..."

"సీసాలు కూడా జరిపావు కదూ? ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"జర నా మాట ఇను..."

వినలేదు. సత్తెమ్మ అటు వెళ్లగానే చుక్కలన్నీ తడిగుడ్డతో తుడిచేసి, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

మర్నాటి నుంచి సత్తెమ్మ బదులు భవాని వచ్చింది.

పందెం అన్నాను గానీ, తొందరపడి కాయకండి. ఆ కోటానుకోట్ల ముక్కలూ ఊడ్చి పోగేసినా ముక్కుపుడకకు చాలవు. కంటికి ఆనని నలుసులవి. నీళ్లలో కలిపితే దానిమ్మరసంలా ఉంటాయి. ఫ్యాక్టరీ వదిలిన పసుపు నీళ్లలో ఒక మందు కలిపి, ఈ బంగారం నాలుగు చుక్కలు వేస్తే రంగు విరిగిపోయి నీళ్లు తేటబడతాయి. రసజ్ఞ పని అదే.

ఏడు నెలలుగా నాలుగు నిమిషాల్లో తేటబడేవి.

భవాని వచ్చిన రోజు నుంచి అరగంట గడిచినా పసుపు పసుపుగానే ఉంటోంది.

రసజ్ఞ మందు మార్చింది. నీళ్లు మార్చింది. సీసాలు మూడేసి సార్లు కడిగింది. నిజాంపేట హాస్టల్లో అన్నంలో పప్పు కలుపుకుని, ఆ పసుపు చూడగానే కంచం ముందు నుంచి లేచిపోయింది.

పదో రోజు ల్యాబు పెద్ద ఉమాశ్రీ పిలిచింది.

"మూడింటికి డబ్బు పెట్టేవాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఐదు నిమిషాల్లో తేటబడాలి. లేదంటే నెలాఖరుకి ల్యాబు మూసుకోవడమే. అవుతుందా?"

"అవుతుందండి," అంది రసజ్ఞ.

ఒంటిగంటకు ఇంకోసారి వేసి చూసింది. పది నిమిషాలు. ఇరవై. పసుపే. వాచీ తీసి బోర్లించింది.

నేల తుడుస్తున్న భవాని ఆగింది.

"ఏందక్కా, గంత పరేషాన్ల ఉన్నవు?"

"ఈ నీళ్లు తేటబడట్లేదు. ఎందుకో తెలియట్లేదు."

"పరదా తియ్యలే గద మరి."

రసజ్ఞ తలెత్తింది. "ఏమన్నావ్?"

"నాకన్న ముందు చేసిన అవ్వ, పొయ్యేనాడు పని ఒప్పజెప్పుకుంట చెప్పింది. ఎదురుంగ అద్దాల బిల్డింగ్ మీద ఎండ వడి మన బల్ల మీదికి మర్లుతదట. పొద్దు జరిగినకొద్ది అదీ జరుగుతదట. ఏ యాళ్లకు యాడ వడుతదో చుక్కలు వెట్టిన, సీసలు ఆడ వెట్టు అన్నది. చూస్తె చుక్కలు లెవ్వు. పరదాలు తీస్తె ఏసీ ఆగదని సూపర్‌వైజర్ అన్నడు. అవ్వ ఆయన మాట ఇనకపొయ్యేది. నేను కొత్తదాన్ని, ఇనాలె గద."

"నా సీసాలతో ఆవిడకేం పని?"

"ఎండల ఉన్న సీస జల్ది తెల్లగైతున్నదని చూసిందట. అది తెల్లగైతె గని ఆ పిల్ల అన్నం తినది, అన్నది."

రసజ్ఞ పరదా ఒక్క గుంజు గుంజింది.

బల్ల చివర చేటంత వెలుగు పడింది. కొత్తగా ఒక సీసా కలిపి అందులో పెట్టింది. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగో నిమిషానికి కుళాయి నీళ్లలా తేట.

అంతా ఆమె పుస్తకాల్లో చదువుకున్నదే. వెలుతురు తగిలితే బంగారు నలుసులోని ఎలక్ట్రాన్లన్నీ, మెట్రో కుదుపుకు నిలబడ్డ జనంలా, ఒక్కపెట్టున ఊగుతాయి. ఆ ఊపు నలుసును అంటుకున్న రంగు అణువుకు తగిలి, మొరాయించేది కూడా దారికొస్తుంది. పరీక్షలో పది మార్కులకు రాసింది కూడా. కిటికీ వైపు మాత్రం చూడలేదు.

మూడింటికి వచ్చినవాళ్లలో పెద్దావిడ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

"ఎండ వేడికేమో?"

రసజ్ఞ రెండు సీసాల్లోని థర్మామీటర్లు చూపించింది. రెంటిలోనూ ఒకే వేడి. సీసాలు ఒకే చల్లటి నీళ్ల తొట్టిలో ఉన్నాయి. ఒకటి నీడన, ఒకటి వెలుతురులో. నీడది పసుపు. వెలుతురుది తేట.

పెద్దావిడ చాలాసేపు చూసి కళ్లజోడు తీసింది.

"ల్యాబు నడవనివ్వండి. ఇది మొట్టమొదట గమనించిందెవరు? రిపోర్టులో వాళ్ల పేరు పైన ఉండాలి."

ఉమాశ్రీ రసజ్ఞ వైపు చూసింది.

నాలుక చివరికొచ్చిన 'నేనే' అన్న మాటను రసజ్ఞ మింగేసింది.

"ఇక్కడ ఊడ్చిన ఒకావిడండి. ఒక్క నిమిషం."

వరండాలోకి వెళ్లి సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

"గామెనా మేడం? రిజిస్టర్ల ఉన్నది ఆమె కోడలి పేరు. కోడలు బాలింతని, ఆ కార్డు మీదనే అత్త వచ్చేది. మీరు వద్దన్నంక మూసాపేటల రూం ఖాళీ చేసిండ్రు. ఫోన్ కూడ కలుస్తలేదు."

"ఆవిడ పేరేంటి?"

"నన్నడుగుతరేంది మేడం? ఏడు నెలలు మీ కాడనే చేసె. మీకే ఎరకుండాలె."

రసజ్ఞ భవానిని అడిగింది; ఆమెకూ 'అవ్వ' అనే తెలుసు. లోపల రిపోర్టు కాగితం పట్టుకుని వాళ్లు ఎదురుచూస్తున్నారు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, సత్తెమ్మ అన్న పేరు.