సీటు మీద తువ్వాల

సంచి సర్దుతున్నది పురుషోత్తం. ఏడుస్తున్నది అంజవ్వ. బొంబాయి పోతున్నది మాత్రం అంజవ్వ మొగుడు పర్శరాములు.

పక్కింటి చిన్నవ్వే తన మొగుణ్ణి ఈ పనికి తోలింది. "నీకెట్లా పని లేదు, పొయ్యి సర్దు" అన్నది. పురుషోత్తం వచ్చి రెండు లుంగీలు, చెద్దరు, రొట్టెల మూట, సబ్బుబిళ్ళ ఒద్దికగా పెట్టాడు.

"వాచ్‌మన్ పనేనా, అన్నా?" అని అడిగాడు.

"అదే. రూము, తిండి వాళ్ళదే. మన ఊరు ఎల్లారెడ్డి నుంచి ఒక మనిషిని పంపుమన్నరు, గంతే" అన్నాడు పర్శరాములు దిగులుగా.

"అక్కడ మాట్లాడెటోళ్ళు ఎవరన్న ఉంటరా?"

"ఎవరుంటరు? గేటు, నేను."

పురుషోత్తం సంచిలో ఇంకో సబ్బుబిళ్ళ పెట్టాడు.

అంజవ్వ గోడకు ఆనుకుని "ఇగ రాడక్కా, నాకు తెలుసు" అని మళ్ళీ మొదలుపెట్టింది.

చిన్నవ్వ చాటలో బీడీలు చుడుతూనే అందుకుంది. "మూడు నెలలకు గింత ఏడుపా? పొద్దటి సంది చెవులు తూట్లు పడ్డయ్. మొగోళ్ళు యాడికి పోతరే? ఆకలైతే వాళ్ళే ఇంటికొస్తరు. నోరు మూసుకొని ఆకు కత్తిరియ్యి."

పర్శరాములు గడప దాటాడు.

"ఓ నవత బాపూ, మందుబిళ్ళలు" అని అంజవ్వ మొగుణ్ణి బిడ్డ పేరు పెట్టి వెనక నుంచి పిలిచింది.

పోయేవాళ్ళను వెనక నుంచి పిలిస్తే శకునం చెడినట్టే. పర్శరాములు లోపలికొచ్చి, కాసేపు కూచుని, చెంబెడు నీళ్ళు తాగి లేచాడు. ఈసారి గల్లీ మలుపుదాకా పోయాడు.

"ఓ నవత బాపూ, పైలం."

మళ్ళీ లోపలికి. మళ్ళీ చెంబు.

"నీ నోట్ల తునికాకు కుక్కుత" అన్నది చిన్నవ్వ. "మనిషి బొంబాయి పోతున్నడా, నీళ్ళు తాగెటందుకు వచ్చిండా?"

అంతలో కామారెడ్డి బస్సు హారన్ వినబడింది. రైలు ఎక్కాల్సింది అక్కడే. చిన్నవ్వ మొగుడి వైపు తిరిగింది.

"ఓ నిరోష బాపూ, గుడ్లప్పగించి చూస్తవేంది? సంచి పట్టుకొని ఉరుకు. సీటు మీద తువ్వాల ఏసి ఆపు. అడ్రస్ చీటీ, రైలుకు పైసలు సంచిలనే ఉన్నయ్. ఒక్క పనన్న సక్కగ చెయ్యి."

పురుషోత్తం సంచి భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని గడప దాటాడు. అతన్ని వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

పర్శరాములు మూడోసారి లేచాడు. చిన్నవ్వ ఒక్క గెంతులో పోయి అంజవ్వ నోరు చేత్తో మూసిపట్టింది. ఆ వేళ్ళ సందుల్లోంచి అంజవ్వ తుమ్మింది.

పర్శరాములు కొంచెం హుషారుగానే వెనక్కొచ్చి చెంబు అందుకున్నాడు. నీళ్ళు సగం తాగేసరికి బస్సు చప్పుడు దూరమైపోయింది.

"పాయె. నీ మొగుడు ఇగ నీ కొంగు పట్టుకొనే ఉంటడు. ఇప్పుడన్న ఆపు" అన్నది చిన్నవ్వ.

అంజవ్వ ముక్కు తుడుచుకుంది. "మరి సంచి?"

"నిరోష బాపు తెస్తడు తియ్. ఆయన యాడికి పోతడు" అంటూ చిన్నవ్వ చాట ఒళ్ళోకి లాక్కుంది.

సీటు ఆపడానికి పోయిన పురుషోత్తం 2019 జూన్ పన్నెండు, బుధవారం మధ్యాహ్నం నుంచి ఇంతవరకూ ఇంటికి రాలేదు.