ఏడో పేజీ చివరి లైను

"సర్ఫింగ్ అని ఎందుకు రాశావురా?" కారు వెనక సీట్లో వంగి, రబ్బరు సూట్‌లోకి కాళ్లు దూర్చుకుంటూ దివాకర్ ఫోన్‌లో అడిగాడు.

"నాకొస్తది, రాసిన," అన్నాడు నిశాంత్. "అది నా రెజ్యూమే. కాపీ కొట్టినోడివి హాబీలన్నా మార్చుకోవాలె గదా."

"పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ మార్చాను. ఏడు పేజీలు. చివరిదాకా ఎవడు చూస్తాడు?"

"మీ మేనేజర్ చూసిండు."

దివాకర్ కిటికీలోంచి చూశాడు. సుపీరియర్ సరస్సుకి అవతలి ఒడ్డు కనిపించదు. అలలు బండల మీద పడి రోడ్డు దాకా చిమ్ముతున్నాయి. నవంబర్ రెండో శనివారం, పొద్దున పది. మేనేజర్ రఘువీర్‌తో కలిసి మినియాపాలిస్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి వచ్చాడు. ఇక్కడ సర్ఫింగ్‌కి పనికొచ్చే అలలు చలి మొదలయ్యాకే వస్తాయని, నీళ్లు ఐదు డిగ్రీలుంటాయని ఆయన దారిలో రెండుసార్లు చెప్పాడు.

"కడుపునొప్పి అని చెప్పి కార్లనే కూసో," అన్నాడు నిశాంత్.

"హాబీ అబద్ధమని తెలిస్తే అందులో రాసిన ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్ సంగతేంటని అడగడా? సోమవారం నా హెచ్-వన్ వీసా లెటర్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే."

"ఈతన్నా వస్తదా నీకు?"

"అపార్ట్‌మెంట్ పూల్‌లో. నడుము లోతు."

అంతలో అద్దం మీద ఎవరో కొట్టారు. దివాకర్ ఫోన్ కట్ చేశాడు.

రఘువీర్ తలుపు తీశాడు. ఆయనకి నలభై ఐదేళ్లు. సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి ఈ టీంకి మేనేజర్‌గా వచ్చాడు. కారులో తెచ్చిన రెండు సర్ఫింగ్ బోర్డులూ ఆయనవే. దివాకర్ వేసుకున్న సూటూ ఆయనదే.

"జిప్ వెనక్కుండాలి దివాకర్."

"ముందు జిప్పువి అలవాటండి. చూసుకోలేదు."

"తిప్పి వేసుకో."

బండల మీద నడుస్తుంటే రఘువీర్ అడిగాడు.

"రెగ్యులరా, గూఫీయా?"

"రెగ్యులరేనండి. నెలకోసారైనా వెళ్లేవాణ్ణి."

రఘువీర్ ఆగి చూశాడు. "బోర్డు మీద ముందు ఏ కాలు పెడతావని అడిగాను. ఎడమ కాలా, కుడి కాలా?"

"కుడి కాలండి."

"అంటే గూఫీ."

"అవునండి. గూఫీ."

బోర్డుకున్న తాడుని దివాకర్ చేతికి కట్టుకున్నాడు. రఘువీర్ వంగి, దాన్ని విప్పి, అతని ఎడమ చీలమండకి కట్టాడు.

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నడుము దాకా వచ్చాయి. రఘువీర్ బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో తోసుకుంటూ ముందుకు పోయాడు. దివాకర్ కూడా అలాగే చేశాడు.

మొదటి అల అతని మీంచి పోయింది. రెండోది అతన్ని బోర్డు మీంచి తోసేసింది. పైకి ఏ వైపో తెలియలేదు. కాలికి నేల తగల్లేదు. నోట్లోకి వచ్చిన నీళ్లు ఉప్పగా లేవు. ఇది సముద్రం కాదు కదా అనుకున్నాడు. సోమవారం గుర్తుకు రాలేదు.

ఎడమ కాలు దానంతటదే పైకి లేచింది. ఎవరో తాడు పట్టుకుని లాగుతున్నారు.

పావుగంట తరవాత ఇద్దరూ కార్లో ఉన్నారు. హీటర్ ఆన్‌లో ఉంది. దివాకర్ మూడుసార్లు నీళ్లు కక్కాడు. ఒంటి చుట్టూ దుప్పటి ఉన్నా పళ్లు టకటకమంటున్నాయి.

"నాకు సర్ఫింగ్ రాదండి," అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది. ముందే చెబితే ఒడ్డునే నేర్పేవాణ్ణి కదయ్యా. చచ్చిపోయేవాడివి."

"రెజ్యూమేలో రాసుకుని, రాదని ఎలా చెప్పనండి?"

"రెజ్యూమేలోనా?"

"ఏడో పేజీలో, చివరి లైను. హాబీస్ దగ్గర. అది చూసే కదా మీరు నన్ను పిలిచారు. అది నాది కాదండి. మా ఫ్రెండ్‌ది. అలాగే ఉండిపోయింది."

రఘువీర్ ఫ్లాస్క్ మూతలో టీ పోసి అతని చేతికిచ్చాడు.

"నిన్ను ఇంటర్వ్యూ చేసింది నేను కాదు. నేనొచ్చేటప్పటికే నువ్వు టీంలో ఉన్నావు. నీ రెజ్యూమే నేను ఎప్పుడూ చూడలేదు."

"మరి శనివారం సర్ఫింగ్‌కి వస్తావా అని నా డెస్క్ దగ్గరికొచ్చి..."

"తొమ్మిది మంది డెస్కుల దగ్గరికీ వెళ్లాను. ఈ చలిలో మీకేమైనా పిచ్చా అన్నారు ఎనిమిది మంది. వస్తానన్నది నువ్వొక్కడివే."

దివాకర్ చేతిలోని టీ దుప్పటి మీద ఒలికింది.

రఘువీర్ చేతులు తుడుచుకుని డ్యాష్‌బోర్డు మీంచి ఫోన్ తీసుకున్నాడు. ఆఫీస్ మెయిల్ తెరిచి రెండు నిమిషాలు వెతికాడు.

"దొరికింది," అన్నాడు. "మొదటి పేజీ నుంచి చదువుతాను. నీది కానిది వచ్చినప్పుడు ఆపు."