నాలుగింటి అలారం

కంట్రోల్ రూములో పాత ప్యానెల్‌కి కొత్త ప్రాసెసర్ కార్డు బిగించి ఇంజనీరమ్మ చేతులు దులుపుకుంది.

"మెమరీ పదహారింతలైంది సార్. ఇక మీరు నిశ్చింతగా మీ అమ్మాయి దగ్గరికి వెళ్లిరండి."

పద్దెనిమిదేళ్లుగా నేను ఊరు దాటలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ ప్యానెల్ అలారం మోగిస్తుంది. ఐదు నిమిషాల్లో నేను నా నంబరు కొట్టకపోతే టర్బైన్ ఆగిపోతుంది. మెమరీ నిండిపోతోందని, దాన్ని ఖాళీ చేయడం నాకొక్కడికే తెలుసని ఫ్యాక్టరీ అంతా నమ్మింది. కూతురి పెళ్లినాడు కూడా భోజనాల మధ్యలో లేచి ఇక్కడికే పరిగెత్తాను.

ఇంటికి ఫోన్ చేశాను.

"ఈసారైనా మనవణ్ని ఎత్తుకుంటారా, ఆ మాయదారి మిషన్నే పట్టుకుని వేలాడతారా?" అంది మా ఆవిడ.

"బట్టలు సర్దు," అన్నాను.

నాలుగైంది. అలారం మోగింది.

ఇంజనీరమ్మ బిత్తరపోయింది. "మెమరీ దాదాపు ఖాళీగానే ఉంది సార్! పాత ప్రోగ్రాం ఒక్క లైను కూడా వదలకుండా ఎక్కించాను. మరెందుకు మోగుతోంది?"

మెమరీ ఏనాడూ నిండలేదు. పద్దెనిమిదేళ్ల కిందట, మనుషుల్ని తగ్గిస్తారని తెలిసిన వారంలో, నా ఉద్యోగం పోకుండా ఆ అలారం లైను రాసింది నేనే. పాత కార్డుతో పాటే అదీ పోతుందనుకున్నాను.

వెళ్లి నంబరు కొట్టాను. మోత ఆగింది.

"మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లం సార్!" అంది ఇంజనీరమ్మ, చేతులు జోడించి.