ముందుకు జరిపిన సీటు

"డబ్బులేం అక్కర్లేదు మేడమ్, ఈ సంచి మీకిచ్చి వెళ్దామని వచ్చానంతే," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మెకానిక్.

"ఏం సంచి?" అంది లెక్కల టీచరు.

"మీవారు మా సంస్థకి దానమిచ్చారు కదండీ, టాపు తీసే స్పోర్ట్స్ కారు. అది అమ్మి, వచ్చిన డబ్బు పిల్లల ఆపరేషన్లకి వాడతాం. అమ్మేముందు కారంతా ఖాళీ చేసి, దొరికినవి దొరికినట్టు ఇంటికి చేర్చడం మా పద్ధతి."

ఆమె సంచి అందుకుంది. ఆమె భర్త పళ్ళ డాక్టరు. ఆ కారంటే ఆయనకి ప్రాణం. ఆదివారం పొద్దున్నే దాన్ని తుడిచి, మెరుగుపెట్టి, "బండికి కాస్త గాలి తగలాలి" అంటూ ఒక్కడే ఎక్కి వెళ్ళేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యకి దాని తాళంచెవి ఇచ్చిన పాపాన పోలేదు. అడిగితే "నీకు స్పీడెక్కువ" అనేవాడు. అలాంటి మనిషి పోయిన వారం పార్కు మలుపులో గోడకి కారు గీరుకుందన్నాడు, మర్నాడే నడపకుండా లారీ ఎక్కించి తీసుకెళ్ళి దానమిచ్చేసి వచ్చాడు. ఆ దానగుణం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకి అప్పుడే అంతుపట్టలేదు.

"ఒక్క మాటండీ," అన్నాడు మెకానిక్. "ఆ పక్క గీత తప్పిస్తే కారు పువ్వులా ఉంచుకున్నారు. డ్రైవరు సీటే చివరిదాకా ముందుకి లాగేసి ఉంది. మోకాళ్ళు స్టీరింగుకి తగిలి నేను దూరలేకపోయాను. ఎప్పుడూ మీరే నడిపేవారేమో అనుకుని..."

అంటూనే ఆమెని కిందినుంచి పైదాకా చూసి ఆగిపోయాడు. లెక్కల టీచరు మంచి పొడగరి. ఆమె మొగుడు ఆమెకంటే జానెడు ఎక్కువ.

"వస్తానండీ," అని పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డవాడిలా గబగబా మెట్లు దిగిపోయాడు.

హాల్లో కిటికీ పక్కన అత్తగారు కాళ్ళకింద పీట వేసుకుని, చక్కెర లేని టీని కషాయంలా మింగుతోంది. టీచరు సంచిని బల్లమీద బోర్లించింది. ఇంట్లో ఎప్పుడూ చూడని ఎర్రటి పట్టు స్కార్ఫు. సగం మొహాన్ని కప్పేసేంత నల్లకళ్ళజోడు. గుప్పెడు చాక్లెట్ కాగితాలు. ఆ డాక్టరుగారి ఇంట్లో చాక్లెట్ అన్నమాట వినబడితే పళ్ళ మీద గంటసేపు ఉపన్యాసం! అన్నిటికంటే చివర్న, నెల్లాళ్ళుగా తను ఇల్లంతా వెతుకుతున్న సోఫా దిండు.

మొగుణ్ణి తీసుకున్నది చాలక నా దిండు కూడానా, అనుకుంది. నవ్వు మాత్రం రాలేదు.

ఎవరో పొట్టి మనిషి. కారు నడపడం వచ్చిన మనిషి. తనకి ఏనాడూ ఇవ్వని తాళంచెవి ఆ మనిషి చేతికి అందింది. తలెత్తితే అత్తగారు బల్లవైపే చూస్తోంది. కోడలి కళ్ళతో కళ్ళు కలవగానే చటుక్కున మొహం కిటికీవైపు తిప్పుకుంది.

మామూలుగా ఆవిడ నోరు ఊరుకునే రకం కాదు. కోడలి చిన్నకారెక్కితే చాలు, ముల్లు నలభై దాటగానే తలుపు పిడి పట్టుకుని "కొంపలేం మునగలేదు, మెల్లగా పోనీ తల్లీ" అని ఒకటే గోల. కారు పోయిన దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆదివారాలు చేతికర్ర పట్టుకుని పార్కుకి నడకకి వెళ్ళేది, అదీ మానేసింది. అంటే ఆవిడకీ తెలుసు. ఇంట్లో తెలియనిది తనొక్కదానికే.

సాయంత్రం డాక్టరు క్లినిక్ నుంచి వచ్చి కుర్చీలో కూలబడేలోపే అడిగేసింది.

"ఏవండీ, ఇవెవరివి?"

ఆయన కిటికీవైపు ఒకసారి చూసి నీళ్ళు నమిలాడు. "అవా... ఏవో పాత సామాన్లు."

"నా దిండు పాత సామానా? సీటు ముందుకి లాగేసి ఉందట. నడిపిందెవరు?"

"నన్నడక్కు. చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

ఆయన వంగి బూట్ల లేసులు విప్పసాగాడు.

"నోరు తెరిచి అడిగినా నాకివ్వలేదు. ఆవిడకెలా ఇచ్చారు?"

"అడిగితే కాదనలేకపోయాను," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఆ కారు కళ్ళెదురుగా ఉన్నన్నాళ్ళూ కాదనలేను కూడా. అందుకే వదిలించుకున్నాను. ఇక అలాంటిది జరగదు, నన్ను నమ్ము."

"అంటే పిల్లల మీద జాలితో ఇచ్చింది కాదన్నమాట!"

ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఆమె గదిలోకి వెళ్ళి అటకమీది పెట్టె దించింది. అందులో బట్టలు కుక్కసాగింది. తాళంచెవి ఇవ్వకపోయినా, స్పీడెక్కువని వెక్కిరించినా, ఈ మనిషి అబద్ధం మాత్రం ఆడడని నమ్మింది. ఆ నమ్మకం పోయినందుకే ఏడుపొచ్చింది.

చేతికర్ర చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"పెట్టె సర్దడం ఆపు తల్లీ. వాడి తప్పేమీ లేదు."

"మీరలాగే అంటారు, కన్నకొడుకు కదా! మీకంతా తెలుసు కదత్తయ్యా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ. నీ చెవిన వేయొద్దని వాడిచేత ఒట్టు వేయించుకున్నదే నేను. నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

టీచరు చేతిలోని చొక్కా పెట్టెలో విసిరికొట్టింది. "ఎవరత్తయ్యా ఆవిడ? అది చెప్పండి చాలు, నా దారిన నేను పోతాను."

అత్తగారు మంచం అంచున కూర్చుని, కర్ర పక్కన పెట్టి, నిట్టూర్చింది.

"వాడు నన్నెప్పుడూ నూట ఇరవై దాటనివ్వలేదమ్మా."