తొంభై రెండు డాలర్ల పట్టు

"నాలుగు డాలర్లకే ఇస్తానంటున్న పాయింటుకు తొంభై రెండు ఇస్తానంటారేంటి సార్? మీకేమైనా పిచ్చా?"

ఫోన్‌లో ట్రిష్ గొంతు చిరాగ్గా ఉంది. ఓర్లాండోలో పదకొండేళ్లుగా టైమ్‌షేర్ పాయింట్లు రీసేల్ చేయిస్తున్న మనిషి ఆమె. బేరమాడి ప్రాణం తీసేవాళ్లను చూసింది. సరేనని మొహం చాటేసేవాళ్లను చూసింది. ధర పెంచమని పోట్లాడేవాణ్ని మాత్రం ఇదే చూడటం.

"తొంభై రెండే. రెండు వందల పాయింట్లకూ అంతే," అన్నాడు హార్లన్.

"ఇంతకుముందెప్పుడైనా టైమ్‌షేర్ కొన్నారా?"

"లేదు. ఇదే మొదటిసారి."

"తెలుస్తూనే ఉంది."

హార్లన్ పళ్లు నూరుకున్నాడు. అతనికి ఆ పాయింట్లే కావాలి. అవి అయోవాలో ఉండే ఓపల్ క్రెంజ్ అనే పెద్దావిడవి. వాటితో, అవి అమ్మిన క్లబ్బు వాళ్ల రిసార్టులో ఏటా ఓ వారం ఉండొచ్చు. ఉన్నా లేకపోయినా నిర్వహణ ఖర్చుల బిల్లు మాత్రం జనవరి ఒకటిన ఠంచనుగా వస్తుంది. ఆలోపే అవి తన పేరు మీదకు మారాలని హార్లన్ పట్టు. అప్పటికే అక్టోబరు సగం దాటింది.

"జనవరి రెండున మార్పించుకోండి సార్. వచ్చే ఏటి బిల్లు ఆవిడ నెత్తిన పడుతుంది, మీరు హాయిగా ఉంటారు." పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది ట్రిష్.

"నేను అడిగింది చెయ్యమ్మా తల్లీ!"

"చేస్తా. కానీ ఆవిడవి తక్కువ సీజను పాయింట్లు. సెప్టెంబరులో తప్ప గది దొరకదు, అప్పుడేమో తుఫాన్లు. మూడు డాలర్లకే ఇంతకంటే మంచివి చూపిస్తా."

"వద్దన్నానా!"

ఫోన్ పెట్టేశాక ట్రిష్ తనలో తనే నవ్వుకుంది. డబ్బెక్కువైన అమాయకుడు పాపం అనుకుంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. "ఆవిడ ఒప్పుకోవట్లేదు సార్."

"ఎందుకు? ఇంకా ఎక్కువ కావాలా?"

"తక్కువ కావాలట. మిమ్మల్నెవరో మోసం చేస్తున్నారని బెంగ పెట్టుకుంది. మీతో మాట్లాడితే గానీ సంతకం పెట్టదట. ఇద్దరికిద్దరూ సరిపోయారు. లైన్ కలుపుతున్నా, ఏం తేల్చుకుంటారో తేల్చుకోండి."

హార్లన్ తల పట్టుకున్నాడు. డబ్బు ఇస్తానన్నా పుచ్చుకునేవాళ్లు లేరు.

"బాబూ, ఆ రేటు నీకెవరు చెప్పారు?" ఓపల్ గొంతు సన్నగా, గట్టిగా ఉంది. "మేం కొన్నప్పుడు ఇంచుమించు అంతే పెట్టాం. అంటే ఇంకా అదే రేటు చెప్పి కొత్తవాళ్లను ముంచుతున్నారన్నమాట. నువ్వు కొత్తట కదా?"

"అవునమ్మా."

"ఊరికే టిఫిన్ పెడతాం, మా రిసార్టు గురించి చెప్పేది వినండి అంటే వెళ్లాం. గంటన్నర అన్నారు, ఐదు గంటలు కూర్చోబెట్టారు. మా ఆయన వర్జిల్ ట్రాక్టరు కోసం దాచుకున్న డబ్బు అక్కడే వదిలించుకున్నాం. ఆ రిసార్టుకు రెండుసార్లు వెళ్లాం. మూడోసారికి ఆయన లేరు. నా వెధవ తెలివి నాతోనే పోనీ. నువ్వు మాత్రం ఉచితంగా ఇస్తానన్నా తీసుకోకు బాబూ."

  ఈవిడ ఇంత మంచిదై ఉండకపోతే పని ఎంత తేలికగా అయ్యేదో అనిపించి హార్లన్‌కు ఒళ్లు మండింది.

తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, క్లబ్బుకో హక్కుంది. మనం ఏ ధరకు ఒప్పుకున్నా, ఆ ధర తనే ఇచ్చి పాయింట్లు లాక్కోవచ్చు. ధర తక్కువైతే గద్దలా తన్నుకుపోతుంది. ఎక్కువైతే వదిలేస్తుంది. మా ఆవిడ వాటి మీద ప్రాణాలు పెట్టుకుంది. తొంభై రెండుకు మీరు ఊ అంటేనే నేను ఇంట్లో తలెత్తుకోగలను. మీ బిడ్డ లాంటివాణ్ని, కాదనకండి."

హార్లన్‌కు పెళ్లి కాలేదు.

"నీ భార్య కోసమంటే సరే," అంది ఓపల్ చివరికి. "రేపు నన్ను తిట్టుకోకు మరి."

ఆవిడ ఫోన్ పెట్టేయగానే ట్రిష్ లైన్లోకి వచ్చింది. "ఆ క్లబ్బు పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ హక్కు వాడలేదు సార్. ఊరికే ఇచ్చినా వెనక్కి తీసుకోదు. ఎవరు చెప్పారు మీకీ కబుర్లు?"

"ఎక్కడో విన్నాను."

"ఏమీ తెలుసుకోకుండా దిగిపోతారు," అని నిట్టూర్చింది.

అక్కడి నుంచి క్లబ్బు ఆఫీసు వాళ్లు చంపుకుతిన్నారు. నోటరీ ముద్ర చెరిగిందని ఒకసారి, వర్జిల్ మరణ పత్రం కావాలని ఇంకోసారి కాగితాలు తిప్పి పంపారు. ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. హార్లన్ ఒకరోజు ఫోన్‌ను గోడకేసి కొట్టి, మర్నాడు కొత్తది కొన్నాడు. క్రిస్మస్ కూడా వెళ్లిపోయింది.

డిసెంబరు ముప్ఫైన పాయింట్లు అతని పేరు మీదకు మారాయి. మొదటిసారి కొన్నందుకు క్లబ్బు అభినందనలు పంపింది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత అతనికి నిద్ర పట్టింది.

వారం తర్వాత ఓపల్ పాత ఫైలొకటి పోస్టులో పంపింది. "పనికొస్తుందేమో చూడు బాబూ. మనసు కష్టమవుతుందని నేనెప్పుడూ తెరవలేదు," అని మీద చీటీ అంటించి ఉంది.

హార్లన్ దాన్ని చివరి పేజీకి తిప్పాడు.

పందొమ్మిదేళ్ల కిందట ఐదు గంటలు కూర్చోబెట్టి క్రెంజ్ దంపతులకు ఆ పాయింట్లు అంటగట్టిన ఏజెంటు పేరు, కింద సంతకంతో సహా, హార్లన్‌దే.