పంపర పనస తొనలు

ముక్కూ మొహం తెలియని ఆడమనిషి తిన్నగా గేటు తీసుకుని లోపలికొచ్చింది. అరుగు మీద నాగబాబు ముందున్న పళ్లెం ఎత్తి, పంపర పనస తొనలన్నీ పక్కనే పారే పంటకాలువలో పారబోసింది.

నాగబాబు పెళ్లాం సత్యదుర్గకి ఒళ్లు మండిపోయింది.

మొగుడు చావు నోట్లోంచి బయటపడి వచ్చాడు. అక్క ఎముక మూలుగ ఇస్తే హైదరాబాదులో ఎక్కించారు. ఆవిడ ఇచ్చిన కణాలు తమ్ముడి ఒంటి మీదే తిరగబడకుండా పూటపూటా మాత్రలు వేస్తున్నారు. బయటి తిండి వద్దు, తొక్క మందంగా ఉన్న పండు ఇంట్లోనే వలిచి పెట్టమన్నారు. పంపర పనసకున్నంత తొక్క ఇంకే పండుకుంది? పెరటి చెట్టుది కోసి, వేడినీళ్లతో కడిగి మరీ వలిచింది.

"ఏవండీ, మతుండే చేసేరా ఈ పని?" అంది. కోపమొచ్చినా అండీ మానని ఊరు కదా.

"ఉండే చేసేనండి. ఆ మాత్రలు మింగేవాళ్లకి ఈ పండు పనికిరాదు."

"మీరు డాక్టరాండి?"

"కాదండి."

"మరి ఏ హక్కుతో లోపలికొచ్చేరు?"

ఆమె ఖాళీ పళ్లెం అరుగు మీద పెట్టింది. తల మాత్రం దించలేదు.

మరిది రాంబాబు ఆమె జబ్బ పట్టుకుని గేటు బయటికి నెట్టేశాడు. దిష్టి పెట్టడానికి దాపురించిందంటూ అత్తగారు బిందెడు నీళ్లు మీద కుమ్మరించింది.

తడిచీరతోనే ఆమె ఎండలో నిలబడింది.

"ఇంకో బిందె పొయ్యండి. మీ డాక్టరుకి ఫోను చేసేదాకా నేను కదల్ను."

ఈ మొండిఘటం నోరు మూయించడానికే సత్యదుర్గ అక్కడే నిలబడి ఫోను చేసింది.

"పంపర పనసా? తిన్నారా?" డాక్టరమ్మ గొంతు మారిపోయింది.

"లేదండి. ఎవరో వచ్చి పారబోసేరు."

"బతికించారు. గ్రేప్‌ఫ్రూట్ వద్దని చెప్పాను కదమ్మా."

"ఆయ్. అదేదో పైదేశం పండనుకున్నామండి."

"రెండూ దాదాపు ఒకటే. ఇది తింటే మందు ఒంట్లో పేరుకుపోతుంది. కిడ్నీలు పోతాయి."

సత్యదుర్గ తలెత్తి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీదికి పరిగెత్తింది. అప్పటికే అంతర్వేది బస్సు కదిలిపోయింది.

"ఎవరండి ఆవిడ?" అని బడ్డీకొట్టు నడిపే దానాన్ని అడిగింది.

"ఎలీసమ్మ గారండి. మూలుగ ఎక్కించుకున్నోళ్లు ఫలానా ఊళ్లో ఉన్నారని చెవినపడితే చాలు, ఇలాగే వెళ్లిపోతారు. మొన్న కొత్తపేటలో ఆవిణ్ని కొట్టేరు కూడా. అయినా మానరు."

"ఆవిడకెందుకండి అంత పట్టుదల?"

దానం బస్సు వెళ్లిన వైపు చూశాడు.

"గండం గడిచి ఇంటికొచ్చిన ఒక్కగానొక్క కొడుక్కి, బలమని చెప్పి రోజూ ఈ పండే వలిచి పెట్టి, చేజేతులా పోగొట్టుకున్న తల్లండి ఆవిడ."